బతికున్న ఎలుకలు తినే పాముల కడుపులో పురుగులు: రిపోర్ట్ ఎట్ల చదవాలె, మందు ఎప్పుడు వెయ్యాలె

హన్మకొండ_పైథాన్:
బాల్ పైథాన్ (ఆఫ్రికా జాతి పెంపుడు కొండచిలువ), ఆడది, 1,150 గ్రాములు. పది రోజులకోసారి బతికున్న తెల్ల ఎలుక పెడుతున్న. ఫ్రీజర్ ఎలుకను ముట్టదు. మలం పరీక్ష చేయిస్తే రిపోర్ట్‌ల ఇట్ల వచ్చింది: హైమెనోలెపిస్ (బద్దెపురుగు) గుడ్లు రెండు ప్లస్సులు, పిన్‌వార్మ్ (నులిపురుగు) గుడ్లు ఒక ప్లస్సు, స్ట్రాంగైల్ తరహా గుడ్లు ఒక ప్లస్సు, కదిలే ప్రోటోజోవా (ఒంటికణం జీవులు) కొన్ని. తిండి మంచిగనే తింటది, కక్కుడు లేదు, బరువు తగ్గలేదు. పశువుల మందుల షాపుల ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు ఇంజెక్షన్ ఇచ్చి, కుక్కకు వేసినట్టే వెయ్యమన్నరు. సీసా మీద 1% అని ఉన్నది. ఎంత వెయ్యాలె?

ఎలుకల_షెడ్డు:
ఆ సీసా మూత తియ్యకు తమ్మీ. ముందు డాక్టర్ సార్‌ను చెప్పనియ్యి.

డా_సరీసృప:
లెక్క చూడండి. 1% అంటే ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాములు. పాములకు వాడే డోసు కిలోకు 0.2 మిల్లీగ్రాములు. మీ పాముకు 0.23 మిల్లీగ్రాములు, అంటే 0.023 ఎంఎల్. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో ఒక గీత కూడా నిండదు. సూది మొదట్లో నిలిచిపోయే మందే ఇంచుమించు అంత ఉంటుంది. కాబట్టి ఆ సీసాలోంచి నేరుగా తీస్తే డోసు రెండింతలో పదింతలో అయ్యేది మీకు తెలియదు. కొందరు నీళ్లు కలిపి పలుచన చేస్తారు. ఈ మందు నీళ్లలో కలవదు, పైన ఒక మోతాదు, కింద ఒక మోతాదు అవుతుంది. పలుచన చేయాలంటే ప్రొపైలిన్ గ్లైకాల్‌లో చేయాలి, అది క్లినిక్‌లో జరగాల్సిన పని.

బాల్ పైథాన్లలో ఐవర్‌మెక్టిన్ తర్వాత తల వణకడం, తిరగబడితే సర్దుకోలేకపోవడం చూస్తాం. ఇంట్లో తాబేలు ఉంటే ఆ సీసా దాని దరిదాపులకు కూడా రానివ్వకండి, తాబేళ్లకు అది ప్రాణాంతకం. ఇవన్నీ పక్కన పెట్టినా, మీ రిపోర్ట్‌లో ఉన్న నాలుగింటిలో రెండింటి మీద, అంటే బద్దెపురుగు మీద, ప్రోటోజోవా మీద, అది పనే చేయదు.

స్లైడ్_కింద:
మందు కన్నా ముందు రిపోర్ట్ సంగతి మాట్లాడాలి. నాలుగు పేర్లున్నాయి, వాటిలో పాము సొంతవి ఎన్ని?

హైమెనోలెపిస్ ఎలుకల బద్దెపురుగు. ఎలుక పేగులో ఉన్న గుడ్లు పాము కడుపులోంచి సాగి అటు బయటికి వచ్చేస్తాయి. పాములో అది కాపురం పెట్టదు. పిన్‌వార్మ్ కూడా చాలా వరకు అంతే. అరటిపండులా ఒక పక్క చదునుగా, 120 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవున్న గుడ్డు కనిపిస్తే అది సైఫేషియా, ఎలుకది. రెండు వైపులా ఒకేలా ఉండి 90 మైక్రాన్ల దగ్గర ఉంటే ఆస్పిక్యులూరిస్, అదీ ఎలుకదే. ఎలుక వెంట్రుకల్లోని పురుగుల గుడ్లు, కాళ్లు కూడా స్లైడ్ మీద కనిపిస్తాయి, వాటిని చూసి పాముకు గజ్జి అని రాసిన రిపోర్టులు ఉన్నాయి. రెండు కొసల్లో బిరడా పెట్టినట్టుండే గుడ్లు వస్తే క్యాపిలేరియా అంటారు. అది పాముదీ కావచ్చు, ఎలుక కాలేయంలో ఉండే రకమూ కావచ్చు. బయటి ఎలుకలు తిన్న పాముల్లో రెండోది మామూలే.

ఎవరి రిపోర్ట్‌లోనైనా కాక్సీడియా (పేగులో ఉండే ఒంటికణం జీవి) అని రాసి వదిలేస్తే ఆ రిపోర్ట్ సగమే. ఊసిస్ట్‌ను, అంటే దాని గుడ్డు లాంటి దశను, పక్వం కానిచ్చి లోపల చూడాలి. నాలుగు గదులు, గదికి రెండేసి పిల్ల జీవులు ఉంటే ఐమీరియా, పాముకు ఎలుక నుంచి వచ్చి పోయేదే ఎక్కువ. రెండు గదులు, నాలుగేసి ఉంటే ఐసోస్పోరా. ఒకటే గది, అందులో ఎనిమిది ఉంటే కారియోస్పోరా, దాన్ని పట్టించుకోవాలి.

మీ రిపోర్ట్‌లో ఆలోచించాల్సింది మూడో లైను. స్ట్రాంగైల్ తరహా అంటే పల్చని పెంకు, లోపల కణాల ముద్ద. పాముల్లో అది కాలిసెఫాలస్ అనే కొంకిపురుగు కావచ్చు. దానికి మధ్యలో వేరే జంతువు అక్కరలేదు, మురికి పెట్టెలోంచే మళ్లీ మళ్లీ సోకుతుంది. అయితే శాంపిల్ ఎంత పాతదో చెప్పండి.

హన్మకొండ_పైథాన్:
పొద్దున పెట్టెల చూసిన, సాయంత్రం ఇచ్చిన. ఎప్పుడు పోసిందో తెల్వదు. డబ్బా బండి డిక్కీల పెట్టిన. ఎందుకన్నా?

స్లైడ్_కింద:
ఎండాకాలం డిక్కీలో పెట్టిన శాంపిల్ అంటే పొయ్యి మీద పెట్టినట్టే. వేడికి స్ట్రాంగైల్ గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పొదిగి లార్వా బయటికి వస్తాయి. చూసినవాళ్లు దాన్ని స్ట్రాంగైలాయిడ్స్ అనే వేరే పురుగు అనుకుంటారు, లేదా ఊపిరితిత్తుల పురుగు రాబ్డియాస్ అని రాస్తారు. ప్రోటోజోవా అయితే చచ్చిపోయి కనిపించకుండానే పోతాయి.

మళ్లీ ఇట్లా చేయండి. పెట్టెలో అడుగున పేపర్ తప్ప ఏమీ వద్దు, కొబ్బరి పొట్టు ఉంటే అందులోని నేల పురుగులు శాంపిల్‌లోకి వస్తాయి. పోసిన రెండు మూడు గంటల్లోపు తీయాలి. తెల్లగా సున్నం ముద్దలా ఉండేది మూత్రం భాగం, అందులో గుడ్లు దొరకవు. గోధుమరంగుది, మెత్తగా ఉన్నది, ఉసిరికాయంత చాలు. మెడికల్ షాపులో దొరికే యూరిన్ డబ్బాలో వేసి, తేదీ, ఏం తిన్నది, తిన్న ఎన్నో రోజు అని రాయండి. రెండు భాగాలు చేయండి. ఒకటి ఫ్రిజ్ కింది అరలో 4 డిగ్రీల దగ్గర, ఒక రోజు ఆగుతుంది, ఇది గుడ్ల కోసం. రెండోది ఫ్రిజ్‌లో పెట్టకూడదు, ఎండ తగలకుండా గది వేడిలోనే తీసుకెళ్లాలి, ఇది కదిలే వాటి కోసం. చల్లబడితే ఆ కదలిక ఆగిపోతుంది.

ల్యాబ్‌లో అడగాల్సినవి రెండు. ఒకటి, గోరువెచ్చని 0.9% సెలైన్‌లో తడి స్లైడ్, ముందు 10 లెన్స్, తర్వాత 40. ఇంట్లో సూక్ష్మదర్శిని ఉన్నవాళ్లు ఎన్‌ఎస్ (ఉప్పు మాత్రమే ఉన్న సెలైన్) సీసా కొనండి, పొరపాటున డీఎన్‌ఎస్ తెచ్చుకోకండి, అందులో గ్లూకోజ్ ఉంటుంది. రెండు, గుడ్లను ఉప్పునీళ్ల మీద తేలించే పద్ధతి. లీటరు వేడినీళ్లలో 400 గ్రాముల ఉప్పు వేసి, అడుగున కరగని ఉప్పు మిగిలేదాకా కలిపి చల్లార్చితే సాంద్రత 1.20 చుట్టుపక్కల వస్తుంది. రెండు గ్రాముల మలం అందులో కలిపి, టీ జల్లెడలో వడగట్టి, టెస్ట్ ట్యూబ్ అంచు దాటి ఉబ్బేట్టు నింపి, పైన కవర్ స్లిప్ పెట్టి 15 నుంచి 20 నిమిషాలు ఆగాలి. అరగంట దాటితే ఉప్పుకు గుడ్లు ముడుచుకుపోతాయి, గుర్తుపట్టలేరు. ఆ జల్లెడ మళ్లీ వంటింట్లోకి పోకూడదని వేరే చెప్పక్కరలేదనుకుంటా.

ఒక్కసారి ఏమీ లేదు అని వస్తే లేదని కాదు. రెండు మూడు వారాల్లో వేర్వేరు రోజులవి మూడు చూడాలి. పురుగులు రోజూ గుడ్లు పెట్టవు.

మామునూరులో, కోరుట్లలో వెటర్నరీ కాలేజీలున్నాయి. పాము మలం చూస్తారా అని ముందు ఫోన్ చేసి కనుక్కొని వెళ్లండి. మనుషుల ల్యాబ్‌లో ఇస్తే వాళ్లు చూసేది మనుషుల గుడ్లు.

ఎలుకల_షెడ్డు:
బతికున్న ఎలుక పెడితే పురుగులు వస్తయి, చచ్చినది పెడితే రావు అని చాలామంది లెక్క. గట్ల కాదు. ఆ ఎలుక ఏడ పుట్టింది, ఏం తిన్నది, దాని పెట్టె పక్కకు ఏ ఎలుక వచ్చిపోయింది, అదే అసలు లెక్క. నిన్న దొరికిన పందికొక్కును చంపి పెట్టినా దాని లోపలున్న లార్వా చావదు.

అమ్మేటోళ్ల దగ్గర మూడు చూడుర్రి. మొదటిది మేత. తౌడు, నూకలు, మక్కలు మూట విప్పి పెడితే పిండి పురుగు పడుతది. ఎలుకల పెద్ద బద్దెపురుగు, హైమెనోలెపిస్ డిమిన్యూటా, ఆ పిండి పురుగులోనే పెరుగుతది. పురుగు పట్టిన తౌడు తిన్న ఎలుక మళ్లీ మళ్లీ అంటించుకుంటది, మందు వేసినా ఆగదు. మేత మూత ఉన్న డ్రమ్ముల ఉండాలె. రెండోది, షెడ్డులకు బయటి ఎలుక దూరే సందు. జాలి కన్నం పావు అంగుళం కన్నా పెద్దగుంటే పిల్ల ఎలుక దూరుతది. మూడోది పిల్లి. షెడ్డుల పిల్లి తిరిగితే ఎలుకల కాలేయంల బఠానీ గింజంత తెల్ల బుడగలు వస్తయి. కోసి చూస్తే లోపల చుట్టుకొని ఉన్న పురుగు కనపడుతది. అది పిల్లి బద్దెపురుగు పిల్ల, పాముల పెద్దది కాదు, కానీ అది కనపడ్డదంటే ఆ షెడ్డుల మేత మీద పిల్లి తిరిగిందన్నట్టే.

తెచ్చిన ఎలుకలను పాముకు పెట్టే ముందు నాలుగు వారాలు వేరే పెట్టెల ఉంచుర్రి. అట్ల ఉంచితే పురుగులు పోవు, కానీ అప్పటికి వాటి రెట్టల గుడ్లు కనపడుతయి, పరీక్షకు అర్థం ఉంటది. పిన్‌వార్మ్ ఉంటే కిలో మేతకు 150 మిల్లీగ్రాముల ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు, ఒక వారం పెట్టి ఒక వారం ఆపి, అట్ల రెండు మూడు సార్లు. పెట్టెలు అదే రోజు వేడినీళ్లతో కడగకపోతే ఆ మందు దండుగ, సైఫేషియా గుడ్లు దుమ్ములెక్క అంతటా ఉంటయి.

పాలు తాగే ఎలుక పిల్లలను పెడితే లోపల పురుగులు తక్కువ. చిన్న పాములకు అది మంచి దారి. 1,150 గ్రాముల దానికి పనికిరాదు, ఎన్ని పెట్టాలె మరి.

గోదావరిఖని_కార్న్:
పైసలు ఎందుకు అన్నా, మా దిక్కు పొలాలల్ల ఎలుకలు, కప్పలు ఎన్నైనా దొరుకుతయి. పాము అడివిల తినేది అవే కదా?

ఎలుకల_షెడ్డు:
అడివిల పాముకు పురుగులు ఉంటయి తమ్మీ. అది పది ఎకరాలు తిరుగుతది, పోసిన కాడ మళ్ల పండదు. నీ పాము రెండడుగుల డబ్బాల ఉన్నది. పొలం ఎలుకకు మందు పెట్టి ఉంటరు, జింక్ ఫాస్ఫైడ్ కాకుంటే బ్రోమాడయోలోన్. రెండోది తిన్న ఎలుక వెంటనే చావదు, రెండు మూడు రోజులు తిరుగుతది, నీకు దొరికేది మందకొడిగున్న ఆ ఎలుకనే. మందు దాని కాలేయంల ఉంటది.

డా_సరీసృప:
కప్పల విషయం ఇంకా గట్టిగా చెప్పాలి. కప్ప కండలో స్పైరోమెట్రా అనే బద్దెపురుగు లార్వా ఉంటుంది. పాములోకి పోయాక చర్మం కింద మెత్తటి బుడిపెల్లా తేలుతుంది, కోస్తే తెల్లటి రిబ్బన్ ముక్క వస్తుంది. దీనికి మందు సరిగా పనిచేయదు, ఒక్కొక్కటి కోసి తీయాలి. పొలం ఎలుకల్లో, బల్లుల్లో పెంటాస్టోమిడ్లు అనే పరాన్నజీవుల లార్వా ఉండొచ్చు. పెద్ద పురుగు పాము ఊపిరితిత్తుల్లో ఉంటుంది, గుడ్లు చొంగలో, మలంలో వస్తాయి, అవి మనుషులకూ సోకుతాయి. నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపించిన పాము పెట్టె చేతి తొడుగులు లేకుండా కడగకండి.

మాడరేటర్:
చర్చ మంచిగ నడుస్తుంది, ఒక్క మాట. ఈ వేదికలో పెంపకానికి అనుమతి ఉన్న విదేశీ జాతుల గురించే రాయాలి. జెర్రిపోతు, మన దేశపు కొండచిలువ, రెండుతలల పాము, నాగుపాము, ఇవన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి, ఇంట్లో ఉంచుకోవడమే నేరం. బాల్ పైథాన్ సైట్స్ (వన్యజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, 2022 సవరణ తర్వాత అలాంటి వాటికి రిజిస్ట్రేషన్ తప్పదు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చేసుకోవాలి. ఇంట్లోకి వచ్చిన పామును పట్టి మందు వేయొచ్చా అనే పోస్టులు తీసేస్తాం, అటవీ శాఖకు ఫోన్ చేయండి.

హన్మకొండ_పైథాన్:
రిజిస్ట్రేషన్ ఉన్నది. మళ్లీ శాంపిల్ ఇచ్చిన, మంచిగ తీసి. ఈసారి కూడా స్ట్రాంగైల్ తరహా గుడ్లు వచ్చినయి, పల్చని పెంకు, లోపల ముద్ద అని రాసిండ్రు. హైమెనోలెపిస్ కూడా ఉన్నది. ఇప్పుడు మందు చెప్పుర్రి సార్.

డా_సరీసృప:
రెండుసార్లు వచ్చింది, రెండోసారి శాంపిల్ తాజాది. కాబట్టి వైద్యం చేయొచ్చు, చూపించిన డాక్టర్ చేతుల మీదుగా.

ఫెన్‌బెండజోల్, కిలోకు 50 మిల్లీగ్రాములు, నోటి ద్వారా, 14 రోజులకు మళ్లీ ఒకసారి. మీ పాముకు 57.5 మిల్లీగ్రాములు. ఇక్కడే తప్పు జరుగుతుంది: బజార్లో ఈ మందు వేర్వేరు బలాల్లో దొరుకుతుంది. సీసా మీద 2.5% ఉంటే ఎంఎల్‌కు 25 మిల్లీగ్రాములు, మీకు 2.3 ఎంఎల్. 10% ఉంటే ఎంఎల్‌కు 100, మీకు 0.575 ఎంఎల్. పేరు చూసి కాదు, బలం చూసి లెక్క కట్టండి. సీసా అడుగున మందు గట్టిగా పేరుకుంటుంది, నిమిషం పాటు బాగా ఊపాలి, లేకపోతే పైన నీళ్లే పోస్తారు. ఎక్కువ డోసు, లేదా వరుసగా రోజుల తరబడి ఇస్తే ఎముక మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి. అందుకే మంచి మందే కదా అని పెంచకూడదు.

ఎలా ఇవ్వాలంటే, ఎలుక తినే పాముకు సులువైన దారి అప్పుడే చంపిన ఎలుక పొట్టలోకి సిరంజితో మందు ఎక్కించి పెట్టడం. కక్కితే డోసు పోయినట్టే, వెంటనే మళ్లీ వేయకండి. ట్యూబ్‌తో అయితే పసిపిల్లలకు వాడే 8 నంబర్ ఫీడింగ్ ట్యూబ్, నీళ్లతో తడిపి. నోరు తెరిస్తే అడుగున, ముందు వైపే, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే చిన్న గొట్టం నోరు కనిపిస్తుంది, అది ఊపిరి దారి. ట్యూబ్ దాని మీదుగా వెనక్కి జారాలి. అందులోకి పోతే మందు ఊపిరితిత్తిలో పడుతుంది. చూడకుండా ఎవరూ ప్రయత్నించకండి.

మందు వేసేముందు పాము నీరసించి, చర్మం ముడతలు పడి ఉంటే ముందు నీళ్లు పట్టించాలి: 28 నుంచి 30 డిగ్రీల నీళ్లలో, సగం ఒళ్లు మునిగేంత లోతులో, ఇరవై నిమిషాలు, పక్కనే ఉండి. వెచ్చటి చోటు 31 నుంచి 33 డిగ్రీలు ఉండాలి. చల్లగా ఉన్న పాములో మందు కదలదు. ఇక మే నెలలో మీ సమస్య తిరగబడుతుంది, గదే 38 దాటుతుంది, హీటర్ ఆపినా వేడి ఆగదు. అట్లాంటి రోజుల్లో మందు వాయిదా వేయండి.

కదిలే ప్రోటోజోవా కొన్ని ఉండటం మామూలే. కక్కడం, నీళ్ల విరేచనం, రక్తం, బరువు తగ్గడం లేకపోతే మెట్రోనిడజోల్ అనే ప్రోటోజోవా మందు జోలికి పోకండి. ఒకవేళ అవసరమైతే కిలోకు 40 మిల్లీగ్రాములు, 14 రోజులకు మళ్లీ. 5 ఎంఎల్‌కు 200 మిల్లీగ్రాముల సిరప్ అయితే మీ పాముకు 1.15 ఎంఎల్. కిలోకు వంద మిల్లీగ్రాములు దాటితే నరాలు దెబ్బతింటాయి. కింగ్ స్నేక్‌లకు ఇంకా తక్కువలో ఆపాలి. రక్తం, జిగురు కలిసిన మలం మాత్రం వేరే కథ. అది ఎంటమీబా ఇన్వేడెన్స్ అనే అమీబా కావచ్చు, రోజుల్లో చంపుతుంది. తాబేళ్లు దాన్ని మోసుకుంటూ ఆరోగ్యంగానే ఉంటాయి, తాబేలు గిన్నె కడిగిన బ్రష్‌తో పాము గిన్నె కడగడమే చాలు.

మానేరు_గట్టు:
హైమెనోలెపిస్‌కు బద్దెపురుగుల మందు ప్రాజిక్వాంటెల్ వెయ్యొద్దా సార్? కుక్కల గోలీ సగం వేసేటోళ్లు ఉన్నరు.

డా_సరీసృప:
ఎలుకది కనుక పాముకు వేయక్కరలేదు. అసలు పాము బద్దెపురుగే అని తేలితే కిలోకు 5 నుంచి 8 మిల్లీగ్రాములు, రెండు వారాలకు మళ్లీ. కుక్కల గోలీల్లో చాలా వాటికి ప్రాజిక్వాంటెల్‌తో పాటు ఇంకో రెండు మందులుంటాయి, సగం గోలీ అంటే ఏది ఎంత వేస్తున్నారో లెక్క లేదు.

అయితే హైమెనోలెపిస్ నానా అనే చిన్న రకం మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు అంటుతుంది. దాని బాధ మీ పాముకు కాదు, ఎలుకల పెట్టె కడిగే చేతులకు.

స్లైడ్_కింద:
ఎలుకదా పాముదా అని తేల్చుకోవాలంటే: నెల రోజులు గడ్డకట్టిన ఎలుకలు, లేదా పరీక్ష చేసిన శుభ్రమైన పెట్టెవి రెండు మేతలు పెట్టండి. పాత మేత పూర్తిగా బయటికి పోయాక వచ్చిన మలం చూడండి. గుడ్లు మాయమైతే ఎలుకవి. అలాగే ఉంటే పాములో ఉన్నవి.

మానేరు_గట్టు:
నా పద్ధతి వేరే. ప్రతి మూడు నెలలకు అన్ని పాములకు ఫెన్‌బెండజోల్ పోస్తే పరీక్షల లొల్లే ఉండదు కదా.

డా_సరీసృప:
ఒప్పుకోను. పురుగులు లేని పాముకు మందు లాభం ఇవ్వదు, నష్టం ఇవ్వగలదు. పైగా ఆ మందు కాక్సీడియాను గానీ, ఊపిరితిత్తి పురుగులన్నిటినీ గానీ చంపదు. మీరు మాత్రం చంపామనుకుంటారు.

ఎలుకల_షెడ్డు:
సార్ చెప్పింది ఇంట్ల పుట్టిన పాముకు సరే. బయటి దేశంల పట్టి తెచ్చిన పాము అయితే నేను పరీక్షకు ఆగ. తెచ్చిన రోజే వేరే గది, 90 రోజులు, వేరే పట్టుకర్ర, వేరే గిన్నె, మొదటి వారంల శాంపిల్, దాంతోపాటే డాక్టర్‌తోని డోసు. ఇక్కడ మాకు సార్‌తోని కుదరదు, కుదరకున్నా నష్టం లేదు.

గోదావరిఖని_కార్న్:
నా కార్న్ స్నేక్ తిన్న నాలుగో రోజు కక్కుతది. నడుం కాడ ఉబ్బినట్టు ఉంటది, తిననప్పుడు కూడా. రెండుసార్లు మలం చూపించిన, ఏం లేదన్నరు. ఇది కూడా కొంకిపురుగేనా?

స్లైడ్_కింద:
తిననప్పుడు కూడా నడుం దగ్గర ఉబ్బు అంటే క్రిప్టోస్పోరిడియం సెర్పెంటిస్ (క్రిప్టో) అనే ఒంటికణం జీవి గుర్తుకు రావాలి. ఊసిస్ట్ 4 నుంచి 6 మైక్రాన్లే, మామూలు స్లైడ్‌లో ఈస్ట్ కణం అనుకొని వదిలేస్తారు. యాసిడ్ ఫాస్ట్ రంగు వేయమని ప్రత్యేకంగా అడగాలి, అది ఎర్రగా పట్టుకుంటుంది, ఈస్ట్ పట్టుకోదు. కక్కిన ఎలుక మీది జిగురు కూడా డబ్బాలో వేసి ఇవ్వండి, మలం కన్నా అందులో దొరకడం సులువు. రంగులో కనిపించినా ఆగండి, ఎలుకల సొంత క్రిప్టో కూడా మలంలో వస్తుంది. పీసీఆర్ అనే జన్యు పరీక్షలోనే ఏ రకమో తేలుతుంది.

డా_సరీసృప:
తేలితే నికరంగా నయం చేసే మందు లేదు. పారోమోమైసిన్ అనే మందుతో తగ్గినట్టు కనిపించి మళ్లీ వస్తుంది. పరీక్ష వచ్చేదాకా ఆ పామును అన్నిటికన్నా చివర కడగండి. ఉతికే బ్లీచ్‌కు క్రిప్టో చావదు. మరిగే నీళ్లు, ఆవిరి, ఆ తర్వాత పూర్తిగా ఎండబెట్టడం. బ్లీచ్‌లో అమ్మోనియా కలిపి గట్టిగా చేద్దామని ఎవరూ అనుకోవద్దు, ఆ వాయువుకు మనిషే పడిపోతాడు.

ఇంకోటి, కక్కిన పాముకు మర్నాడే ఎలుక పెట్టకండి. పది నుంచి పద్నాలుగు రోజులు ఆగి, మామూలు సైజులో సగం.

హన్మకొండ_పైథాన్:
ఫ్రీజర్ ఎలుకకు మళ్లాలని ఉన్నది. ఫ్రిజ్ పైన ఐస్ బాక్స్‌ల పెడితే పురుగులు చస్తయా? మా దగ్గర కరెంట్ కూడా పోతది.

ఎలుకల_షెడ్డు:
ఒక తలుపు ఫ్రిజ్ ఐస్ బాక్స్‌ల చావవు, అది మైనస్ 18 దాకా పోదు. డీప్ ఫ్రీజర్ మైనస్ 18, మైనస్ 20, నెల రోజులు. సంచుల కుప్ప పొయ్యకు, నడిమిట్లయి ఆలస్యంగ గడ్డకడుతయి. ఒక్కొక్కటి పరిచి, గడ్డకట్టినంక మూట కట్టి తేదీ రాయి. మెత్తబడ్డ ఎలుకను మళ్లీ గడ్డకట్టియ్యకు, పారెయ్యి. కరెంట్ పోతే మూత తియ్యకు. పైన ఒక గ్లాసుల మంచుగడ్డ మీద రూపాయి బిళ్ల పెట్టు. బిళ్ల లోపలికి దిగితే కరెంట్ ఎక్కువసేపు పోయిందన్నట్టు, ఆ నెల లెక్క మళ్లీ మొదలు. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా మాత్రం గడ్డకట్టినా చావదు, చేతులు కడుగుడు తప్పదు.

అలవాటు చేసేటప్పుడు బతికున్నది నుంచి నేరుగా గడ్డకట్టిన దానికి దునకకు. ముందు అప్పుడే చంపినది, అది తీస్కుంటే ఫ్రీజర్‌ది. రాత్రంతా ఫ్రిజ్ కింది అరల మెత్తబడనియ్యి, పెట్టే ముందు జిప్ కవర్ల వేసి 40 డిగ్రీల నీళ్లల్ల పావుగంట, తల కొంచెం ఎక్కువ వెచ్చగ. మైక్రోవేవ్ల పెట్టకు, పొట్ట పగులుతది. పాము నడుం అంత లావు ఎలుక చాలు, బరువుల పదో వంతు.

హన్మకొండ_పైథాన్:
మొదటి డోసు డాక్టర్ దగ్గర ఎలుకలో ఎక్కించి పెట్టిండ్రు, తిన్నది. పద్నాలుగో రోజుకు కండ్లు నీలం తిరుగుతయి అనిపిస్తున్నది, కుబుసం మీదున్నది. అప్పుడు ఎలుక ముట్టదు. ఏం చెయ్యాలె?

డా_సరీసృప:
కుబుసం విడిచేదాకా ఆగండి, ఐదారు రోజులు ఆలస్యమైతే ఇబ్బంది లేదు. ట్యూబ్‌తో బలవంతం చేయొద్దు. పేపర్ రోజూ మార్చడం మాత్రం ఆపకండి. ఆ రోజుల్లో వచ్చే మలం అరగంట కూడా పెట్టెలో ఉండకూడదు. రెండో డోసు తర్వాత మూడు వారాలకు మళ్లీ శాంపిల్, రెండు డబ్బాల్లో.

స్లైడ్_కింద:
డిక్కీలో కాదు.